తెలుగు బ్లాగుకు రూపాయి ఎక్కడి నుంచి వస్తుంది

ఖమ్మం జిల్లాలో మిరప వేసిన ఒక రైతు, పూత రాలిపోతుండడం చూసి, చేను గట్టు మీద నిలబడే ఫోనులో దానికి కారణం వెతికారనుకుందాం. వచ్చిన ఫలితాల్లో ఒక తెలుగు బ్లాగు పేజీని తెరుస్తారు. ఆ పేజీ తెరపై పూర్తిగా పరుచుకునేలోపే, అందులో ఉన్న కాస్త ఖాళీ జాగా కోసం ప్రకటనదారుల మధ్య వేలం జరిగిపోతుంది. ట్రాక్టర్ల కంపెనీ ఒకటి, బంగారం మీద అప్పులిచ్చే సంస్థ ఒకటి, ఎరువుల కంపెనీ ఒకటి పోటీకి వస్తే, సాధారణంగా ఎక్కువ పాడినవారి ప్రకటన అక్కడ కనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) దగ్గర ధర తేలి, కమీషన్ పోగా మిగిలింది రైతు చేతికి వచ్చినట్టే, ఈ వేలంలో పలికిన మొత్తంలో మధ్యవర్తి వాటా పోగా మిగిలింది బ్లాగు రాసినవారి ఖాతాలో పడుతుంది. చాలాసార్లు ఆ మిగిలింది పైసల్లోనే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో సంపాదించాలని మొదలుపెట్టేవారు ముందుగా అడిగేది ఎంత వస్తుందని. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఎవరిస్తారని. ఉచితంగా చదివే పాఠకుడు డబ్బివ్వడు. ఆ పాఠకుడికి ఏదో అమ్మాలనుకున్న మూడో మనిషి ఇస్తాడు. గూగుల్ వంటి సంస్థ ఆ డబ్బును చేతులు మారుస్తుంది. తెలుగు పాఠకుడి చూపు ఆ మూడో మనిషికి ఎంత విలువైనదిగా తోస్తుందో, తెలుగు బ్లాగు ఆదాయం అంతవరకే పెరగగలదు. ఈ సంగతి తెలియక, ఇంగ్లీషు బ్లాగర్ల ఆదాయపు లెక్కలు చూసి తెలుగులో మొదలుపెట్టినవారు ఆరు నెలల్లో నిరాశపడి మానేస్తారు. తెలిసి మొదలుపెట్టినవారు మొదటి రోజునుంచే వేరే దారి వేసుకుంటారు.

తెలుగు బ్లాగులకు ఆదాయం తలపు ఆలస్యంగా రావడానికి చారిత్రక కారణం ఉంది. 2000ల మధ్యకాలంలో యూనికోడ్ తెలుగు కంప్యూటర్లలో సరిగా కనిపించడం మొదలై, లేఖిని వంటి పరికరాలతో ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయడం సాధ్యమైనప్పుడు, వందలమంది సొంత బ్లాగులు తెరిచారు. అన్ని బ్లాగుల కొత్త రాతలను ఒకేచోట చూపే కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినుల ద్వారా పాఠకులు ఒక బ్లాగునుంచి మరో బ్లాగుకు వెళ్లేవారు. బ్లాగులో రాసినదానిని టపా అనడం ఆ రోజుల్లోనే స్థిరపడింది. సైట్లలో ప్రకటనలు చూపి, ఆ డబ్బులో సైటువారికి వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లోనే మొదలైనా, అది తెలుగును అధికారికంగా అంగీకరించింది 2018 నవంబరులో. అంటే తెలుగు బ్లాగుల తొలి వసంతం దాదాపుగా ప్రకటన ఆదాయం ఆశించకుండానే గడిచింది. ఆ మధ్యకాలంలో కొందరు ఇంగ్లీషు సైటు చూపించి అనుమతి తెచ్చుకుని, అదే ప్రకటనల కోడ్‌ను తెలుగు పేజీల్లో పెట్టేవారు. అది నిబంధనలకు విరుద్ధం. 2018 తరువాత ఆ దొడ్డిదారి అవసరం తీరిపోయింది. అయితే అనుమతి రావడం వేరు, ఆదాయం రావడం వేరు.

ప్రకటనదారు ఇచ్చిన 100 రూపాయల ప్రయాణాన్ని ఒకసారి చూడాలి. 2023 నవంబరులో ప్రకటించి 2024 మొదట్లో అమలు చేసిన మార్పు ప్రకారం, యాడ్‌సెన్స్ ఇప్పుడు ప్రధానంగా క్లిక్కులకు కాక ప్రకటన కనిపించినందుకు చెల్లిస్తుంది. ప్రకటనదారు గూగుల్ సొంత వేదిక ద్వారా వస్తే, ఆ వేదిక సగటున 15 శాతం తన దగ్గర ఉంచుకుంటుంది. మిగిలిన 85లో 80 శాతం బ్లాగుకు వస్తుంది. అంటే 100లో 68. పాత పద్ధతిలోనూ వాటా 68 శాతమే. కాబట్టి బ్లాగరుకు అన్యాయం జరిగేది వాటాలో కాదు. అసలు ఆ 100 రూపాయలు పాడేవారు తెలుగు పేజీల మీదికి ఎంతమంది వస్తున్నారన్న దగ్గరే తేడా అంతా ఉంది.

వెయ్యి పేజీలు చూస్తే వచ్చే ఆదాయాన్ని ఈ రంగంలో ఆర్‌పీఎం అంటారు. ఇది విషయాన్ని, కాలాన్ని, పాఠకుడున్న దేశాన్ని బట్టి మారిపోతుంది కాబట్టి అందరికీ ఒకే అంకె చెప్పడం తప్పు. లెక్క అర్థం కావడానికి మాత్రం ఒక బ్లాగు ఆర్‌పీఎం 50 రూపాయలనుకుందాం. రోజుకు వెయ్యి పేజీలు, అంటే నెలకు 30 వేల పేజీలు చదివించగలిగితే, వచ్చేది 1,500 రూపాయలు. యాడ్‌సెన్స్ 100 డాలర్లు పోగయ్యేవరకు డబ్బు పంపదు. అది సుమారు 9,000 రూపాయలు. ఈ లెక్కన మొదటి చెల్లింపు అందడానికే ఆరు నెలలు పడుతుంది. పైగా రోజుకు వెయ్యి పేజీలన్నది కొత్త బ్లాగుకు చిన్న సంఖ్యేమీ కాదు. నిలకడగా రాసినా దాన్ని చేరుకోవడానికి చాలా నెలలు పట్టవచ్చు. ఉద్యోగం మానేసి బ్లాగు పెడదామనుకునేవారు ఈ ఒక్క గుణకారం కాగితం మీద చేసి చూసుకుంటే చాలు.

అదే రాతకు ఇంగ్లీషులో ఎక్కువ, తెలుగులో తక్కువ ఎందుకు? తెలుగు మాతృభాషగా 2011 జనాభా లెక్కల్లో నమోదైనవారు 8.1 కోట్లకు పైగా ఉన్నారు. పాఠకులకు లోటు లేదు. కానీ బీమా, రుణాలు, సాఫ్ట్‌వేర్, ఉన్నత విద్య వంటి ఎక్కువ ధర పలికే రంగాల ప్రకటనదారులు తమ ఖాతాదారులు ఇంగ్లీషులో వెతుకుతారని నమ్ముతారు. వారి ప్రకటనలు, వాటి వెనుక ఉండే దరఖాస్తు పేజీలు కూడా ఇంగ్లీషులోనే ఉంటాయి. వేలంలో పాడేవారు తక్కువైతే ధర పడిపోవడం ఏ యార్డులోనైనా ఒకటే. దీనికి తోడు, తెలుగులో ఎక్కువమంది వెతికే విషయాలు కొనుగోలుకు దూరంగా ఉంటాయి. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున లక్షలమంది ఒకే పేజీ కోసం వెతుకుతారు, మరునాడు ఆ పేజీ వైపు చూసేవారుండరు. సినిమా కబుర్లకు పాఠకులు పుష్కలంగా ఉన్నా, వాటిని చదివే మనిషి ఆ క్షణంలో ఏదీ కొనే ఆలోచనలో ఉండడు. మీభూమిలో అడంగల్ ఎలా చూడాలి, తెలంగాణలో ధరణి పోయి భూభారతి వచ్చాక ఏం మారింది అని వెతికే మనిషికి అవసరం నిజంగా ఉంది. కానీ అతనికి కావలసినది ప్రభుత్వం దగ్గర ఉంది, అమ్మేవాడి దగ్గర కాదు.

పాఠకుడున్న చోటు ఈ లెక్కను తలకిందులు చేయగలదు. అదే తెలుగు టపాను డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తల్లి చదివితే, వేలంలో పాడేవారు అమెరికా మార్కెట్ వారు. ధర కూడా సాధారణంగా అక్కడి స్థాయిలోనే పలుకుతుంది. పిల్లలకు తెలుగు నేర్పడం అక్కడి తెలుగు కుటుంబాలకు ఎంత పట్టుదలతో కూడిన విషయమో, సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి విస్తరించిన తీరే చెబుతుంది. గుణింతాలు, పొడుపుకథలు, వారాంతంలో పిల్లల చేత చదివించే చిన్న పాఠాలు రాసే బ్లాగుకు పాఠకులు వేలల్లో కాక వందల్లో ఉన్నా, ఒక్కొక్క పాఠకుడి విలువ ఎక్కువ. తెలుగులో రాయడమంటే తక్కువ ఆదాయమని తేల్చేసేవారు ఈ పాఠకులను లెక్కలోకి తీసుకోరు.

ప్రకటనల తరువాత చెప్పుకోవలసింది అఫిలియేట్ పద్ధతి. బ్లాగులో ఇచ్చిన లింకు ద్వారా వెళ్లి పాఠకుడు ఒక వస్తువు కొంటే, అమ్మిన సంస్థ కొంత శాతం కమీషన్ ఇస్తుంది. అమెజాన్ దీన్ని 1996లోనే మొదలుపెట్టింది. వినడానికి సులువుగా ఉండే ఈ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో చూడాలంటే మళ్లీ మిరప చేలోకే వెళ్లాలి. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప రైతులను నల్ల తామర పురుగు దెబ్బతీసింది. ఇది పూతలో చేరి రసం పీలుస్తుంది, పూలు రాలిపోతాయి. దొరికిన మందల్లా కొట్టినవారి చేలల్లో అది తగ్గకపోగా పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. దీని మీద ఒక బ్లాగరు మంచి టపా రాస్తే దానికి లింకులు ఏం పెట్టాలి? పురుగుమందు లింకు పెడితే దాదాపు ఎవరూ కొనరు. రైతు మందును ఊళ్లోని దుకాణంలో అప్పు మీద తెచ్చుకుంటాడు, పంట చేతికొచ్చాక తీరుస్తాడు. ఆ ఏర్పాటును ఏ ఆన్‌లైన్ దుకాణమూ ఇవ్వలేదు. అయితే తామర పురుగులను పట్టే నీలి రంగు జిగురు అట్టలు ప్రతి ఊళ్లో దొరకవు. బ్యాటరీ స్ప్రేయర్ కొనేవారు నాలుగైదు రకాలు పోల్చి చూసుకుంటారు. లింకు పనికొచ్చేది అక్కడ. 2,000 రూపాయల స్ప్రేయర్‌కు 5 శాతం కమీషన్ అనుకుంటే 100 రూపాయలు. పైన అనుకున్న ఆర్‌పీఎం ప్రకారం అది 2,000 పేజీల ప్రకటన ఆదాయంతో సమానం.

ఇక్కడ డబ్బు లెక్క కంటే బరువైన మాట ఒకటి ఉంది. పంట మందు, ఆరోగ్యం, అప్పు, ఉద్యోగం వంటి విషయాల్లో బ్లాగు రాత తప్పయితే నష్టపోయేది పాఠకుడు. లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లన్న అంకెను మరో సైటునుంచి ఎత్తి రాసే బ్లాగరు, ఒక ఎకరం పంటతో ఆడుకుంటున్నాడు. లాం ఉద్యాన పరిశోధన స్థానంలాంటి చోట్లనుంచో, కృషి విజ్ఞాన కేంద్రంనుంచో వచ్చిన సిఫారసును, అది ఏ సంవత్సరానిదో చెప్పి, ఉన్నది ఉన్నట్టు ఇవ్వడం తప్ప మరో మార్గం లేదు. ఎక్కువ కమీషన్ వచ్చే వస్తువును మంచిదని రాయడం కూడా ఇలాంటి మోసమే. చట్టం కూడా దీన్ని పట్టించుకుంటుంది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బుకో, ఉచిత వస్తువుకో, కమీషనుకో ఒక ఉత్పత్తిని సిఫారసు చేసేవారు ఆ సంగతిని స్పష్టంగా, సిఫారసు చేసిన భాషలోనే చెప్పాలి. తెలుగు టపా అడుగున ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో పెడితే సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంది. ఈ లింకు ద్వారా కొంటే ఈ బ్లాగుకు కొంత కమీషన్ వస్తుందని మొదట్లోనే తెలుగులో రాస్తే పాఠకుడు కోప్పడడు, నమ్మకం పెరుగుతుంది.

తెలుగు బ్లాగుకు నిలకడైన ఆదాయం చివరికి మూడో దారిలో, అంటే సొంతంగా ఏదో అమ్మడంలో ఉందన్నది ఈ వ్యాసం వాదన. ప్రకటన ద్వారా 50 రూపాయలు రావడానికి వెయ్యిమంది చదవాలి. పోటీ పరీక్షకు చదివే విద్యార్థి కోసం జాగ్రత్తగా తయారుచేసిన 199 రూపాయల ప్రశ్నల పుస్తకాన్ని ఆ వెయ్యిమందిలో ఇద్దరు కొన్నా దానికి ఏడెనిమిది రెట్లు వస్తుంది. ఇందుకోసం అమ్మేది తప్పనిసరిగా ఆన్‌లైన్ వస్తువే కానక్కర్లేదు. రాజమహేంద్రవరంలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఇల్లాలు, హనుమకొండలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే గుమస్తా, తిరుపతిలో సంగీతం నేర్పే గురువు, ఎవరైనా తమ పని గురించి తెలుగులో వివరంగా రాస్తే, ఆ రాతే వారి దుకాణానికి బోర్డు అవుతుంది. ఇంటర్నెట్ మార్కెటింగ్ అన్న పెద్ద పేరుకు అసలు అర్థం ఇదే: కొనే మనిషి ప్రశ్న అడిగే చోట జవాబుతో సిద్ధంగా ఉండడం. ప్రకటనలకు పనికిరాని కొద్దిమంది పాఠకులు ఇక్కడ ధారాళంగా సరిపోతారు. మొదలుపెట్టేవారు తమ దగ్గర అమ్మడానికి ఏముందని ముందు ఆలోచించి, తరువాత బ్లాగు విషయం ఎంచుకోవడం మంచిది. చాలామంది చేసేది దీనికి తిరగబడిన వరస.

కొనే మనిషి ప్రశ్న ఏ మాటల్లో వస్తుందో తెలుసుకోవడమే అసలు కసరత్తు. ఈ విషయంలో తెలుగుకు ఉన్న చిక్కులు ఇంగ్లీషు పాఠాల్లో దొరకవు. వేరుశనగ అని పుస్తకాల్లో రాసే పంటను తెలంగాణలో పల్లి అంటారు, రాయలసీమలో కొన్నిచోట్ల బుడ్డలు, మరికొన్నిచోట్ల చెనక్కాయలు అంటారు. మొక్కజొన్న తెలంగాణలో మక్కజొన్న. ఒక్క మాటే పట్టుకుని రాసిన టపా చాలామంది తెలుగువారికి కనిపించకుండా పోవచ్చు. చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు, అది కూడా ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో. టైపు చేయడం ఇబ్బంది అనిపించినవారు ఫోనుతో మాట్లాడి వెతుకుతారు. అప్పుడు వెతుకులాట మాటలు పూర్తి వాక్యాలవుతాయి. "మిరపకు ముడత వచ్చింది ఏ మందు కొట్టాలి" అన్నది ఆ వాక్యం. "మిరపలో ఆకుముడత తెగులు: సమగ్ర యాజమాన్య పద్ధతులు" అన్న శీర్షిక విశ్వవిద్యాలయం కరపత్రానికి తగినది, ఆ ప్రశ్నకు జవాబు కాదు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అన్న ఉచిత పరికరం, పాఠకులు ఏయే మాటలు వెతికి బ్లాగు దగ్గరికి వచ్చారో చూపిస్తుంది. మూడు నెలలకోసారి ఆ జాబితాను ఓపికగా చదివి, జనం వాడిన మాటలను టపాలోకి సహజంగా తెచ్చుకున్న బ్లాగరు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నవారికంటే ముందుంటాడు.

రాసే పనిని యంత్రానికి అప్పగించి రోజుకు పాతిక టపాలు వేయాలన్న ఆకర్షణ ఇప్పుడు బలంగా ఉంది. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నిబంధనలను మార్చి, వెతుకులాటలో పైకి రావడానికే గుట్టలుగా తయారుచేసిన రాతను, అది మనిషి రాసినా యంత్రం రాసినా, దుర్వినియోగంగా ప్రకటించింది. నిబంధన లేకపోయినా ఆ పద్ధతి నిలబడదు. యంత్రం ఇవ్వగలిగిన సాధారణ సమాధానాన్ని ఇప్పుడు సెర్చ్ పేజీయే పైన సారాంశంగా ఇచ్చేస్తోంది. గూగుల్ ఈ సారాంశాలను భారతదేశంలో 2024 ఆగస్టులో ప్రవేశపెట్టింది. అందరికీ తెలిసిన సమాచారాన్ని తిరగరాసే బ్లాగుకు దీనితో గిరాకీ తగ్గుతుంది. తన చేలో తీసిన ఫొటో, తన దుకాణంలో కస్టమర్లు నిజంగా అడిగిన ప్రశ్న, తాను వెళ్లి వచ్చిన కార్యాలయంలో ఏ కౌంటరు దగ్గర ఏ కాగితం అడిగారన్న వివరం, ఇవి ఉన్న బ్లాగుకే పాఠకుడు పని కట్టుకుని వస్తాడు. తెలుగులో ఇలాంటి రాత ఇప్పటికీ చాలా తక్కువ. కొత్తగా వచ్చేవారికి చోటు ఉన్నది అక్కడే.

వీడియో వైపు వెళ్లేవారికి లెక్క కొంత వేరు. యూట్యూబ్‌లో ప్రకటన ఆదాయం పొందడానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితోపాటు గత ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. షార్ట్స్‌కు వేరే కొలత ఉంది. మామూలు వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం సృష్టికర్తకు వస్తుంది. తెలుగులో చదివేవారికంటే చూసేవారు ఎక్కువ కాబట్టి ఈ దారి నిండిపోయి ఉంది. బ్లాగు, వీడియో రెండూ ఒకదానికొకటి తోడుగా నడిస్తే మంచిదే.

సంపాదన పేరుతో జరిగే మోసాలను గుర్తించడానికి కూడా మొదటి ప్రశ్నే పనికొస్తుంది: డబ్బు ఎవరిస్తున్నారు, ఎందుకిస్తున్నారు? హోటళ్లకు ఐదు నక్షత్రాల రేటింగు ఇస్తే రోజుకు వెయ్యి రూపాయలంటూ టెలిగ్రామ్‌లో వచ్చే సందేశం మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తుంది. తరువాత పెద్ద టాస్కు చేయాలంటే ముందుగా డబ్బు కట్టాలంటుంది, కట్టినకొద్దీ ఇంకా కట్టమంటుంది. అక్కడ ఇచ్చిన చిన్న మొత్తం కూడా అంతకుముందు మోసపోయినవారి డబ్బే. సభ్యత్వం కట్టి, మరికొందరిని చేర్పిస్తే కమీషనన్న పథకాల్లోనూ వస్తువు పేరుకు మాత్రమే ఉంటుంది. డబ్బు కొత్తగా చేరేవారి జేబులోంచి వస్తుంది. ఇలాంటి మనీ సర్క్యులేషన్ పథకాలను 1978లోనే కేంద్ర చట్టం నిషేధించింది. వేలకు వేలు తీసుకుని బ్లాగింగ్ నేర్పే కోర్సులన్నీ మోసం అనలేం కానీ, బోధకుడి ఆదాయం బ్లాగునుంచి వస్తోందా, కోర్సు ఫీజులనుంచి వస్తోందా అని అడిగే హక్కు ఫీజు కట్టేవారికి ఉంది. డబ్బు పోగొట్టుకున్నవారు సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. గంటల్లోపు చెబితే ఆ మొత్తాన్ని బ్యాంకుల్లో ఆపగలిగే అవకాశం ఎక్కువ.

నిజమైన బ్లాగు మొదలుపెట్టడానికి కట్టవలసింది పెద్ద మొత్తమేమీ కాదు. గూగుల్ వారి బ్లాగర్‌లో చోటు ఉచితం. సొంత డొమైన్ పేరుకు, అంటే సైటు చిరునామాకు, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు. సొంతంగా సైటు నడిపించే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ కావాలంటే హోస్టింగుకు, అంటే సైటును ఉంచే చోటుకు, మరికొన్ని వేలు. మొదటి ఏడాది తక్కువ ధర చూపించి రెండో ఏడాదినుంచి రెండు మూడు రెట్లు వసూలు చేయడం ఈ వ్యాపారంలో మామూలు కాబట్టి, చూడవలసింది రెన్యువల్ ధర. డొమైన్ మాత్రం బ్లాగరు సొంత పేరు మీద, సొంత ఈమెయిలు మీద ఉండాలి. సైటు తయారుచేసి పెట్టిన కుర్రవాడి పేరు మీద ఉంటే, అతను ఊరు మారిన రోజున బ్లాగు కూడా వెళ్లిపోతుంది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌పై నిషేధం వచ్చినప్పుడు లక్షల అనుచరులున్న తెలుగువారు ఒక్క రాత్రిలో ఖాళీ చేతులతో మిగిలారు. ఇతరుల వేదికలను పాఠకులను తెచ్చుకోవడానికి వాడుకోవచ్చు. పాఠకుల ఈమెయిలు చిరునామాలు, అసలు రాత మాత్రం సొంత గూట్లో ఉండాలి.

యాడ్‌సెన్స్ ఖాతాకు 18 ఏళ్లు నిండాలి. 10 డాలర్లు చేరాక గూగుల్ చిరునామా నిర్ధారణ కోసం ఒక పిన్ నంబరును ఉత్తరంలో పంపుతుంది. ఆ ఉత్తరం పోస్టులో మామూలుగా వస్తుంది, రిజిస్టర్డ్ కాదు. ఇంటి నంబరు సరిగా లేని ఊళ్లలో అది చేతికి అందకపోవడం తరచూ జరిగేదే కాబట్టి, చిరునామాలో తండ్రి పేరో, దగ్గరి గుర్తో రాసి, పోస్టుమ్యానుకు ముందే చెప్పి ఉంచడం మేలు. నాలుగు నెలల్లో పిన్ నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. ఖాతాలోని పేరు, బ్యాంకు ఖాతాలోని పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరాల్లో, మరోచోట పూర్తిగా ఉండే తెలుగు పేర్లకు ఈ చిక్కు ఎక్కువ. సొంత ప్రకటనల మీద తాము క్లిక్ చేసినా, వాట్సాప్ గ్రూపుల్లో ఒకరి ప్రకటనలు ఒకరు నొక్కే ఒప్పందాలు పెట్టుకున్నా, పోగైన డబ్బుతో సహా ఖాతా పోతుంది. ఈ ఆదాయం ఎక్కడినుంచి వచ్చినా ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి. సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది. ఆ స్థాయికి చేరేవారు అప్పటికి మంచి ఆడిటరు దగ్గరికి వెళ్లి ఉండాలి.

మిగిలింది కాలం సంగతి. మిరపకు జులై, ఆగస్టుల్లో నారు పోస్తారు, సెప్టెంబరుకల్లా నాట్లు పడతాయి, డిసెంబరు దాటాక కోతలు, వేసవి మొదలయ్యేసరికి యార్డు నిండా టిక్కీలు. వెతుకులాట కూడా ఇదే వరసలో నడుస్తుంది: వానాకాలంలో విత్తనం గురించి, శీతాకాలంలో పురుగు గురించి, ఫిబ్రవరినుంచి ధర గురించి. కొత్త బ్లాగు టపాను సెర్చ్ ఇంజన్ చూసి, పోల్చి, నమ్మి పైకి తేవడానికి తరచూ నెలలు పడుతుంది కాబట్టి, పూత రాలుతున్న రోజున రాసిన టపా ఆ ఏటి రైతుకు అందకపోవచ్చు. అందువల్ల మొదటి ఏడాది ఆదాయం దాదాపు ఉండదనుకుని, ప్రతి దశలో చేనును ఫొటోలు తీసి, అడిగిన ప్రశ్నలను రాసి పెట్టుకుని, టపాలు వేస్తూ పోవాలి. రెండో ఏడాది మే నెలలో యార్డు వేసవి సెలవులకు మూసినప్పుడు పాత టపాలను తెరిచి, మారిన సిఫారసులు, కొత్త ధరలు చేర్చి, పనిచేయని లింకులు తీసేస్తే, జులైలో నారు పోసే రైతు విత్తనం గురించి వెతికే నాటికి ఆ పేజీలు సిద్ధంగా ఉంటాయి.